గ్యారేజీ తలుపుకి థర్మాకోల్ కిట్: రెండు చలికాలాలు వాడాక

ముందే చెప్పేస్తా, గ్యారేజీ తలుపు వెనకాల చలీ వేడీ ఆపడానికి బిగించే ఈ కిట్‌కి నేను 5కి మూడున్నర ఇస్తాను, అందులో ఒక మార్కు నిజానికి దాని తర్వాత కొన్న రబ్బరు పట్టీది. కంపెనీ పేరు చెప్పను. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో ఒకేలాంటి డబ్బాల్లో దొరుకుతోంది, పైగా నేను పడ్డ తిప్పల్లో కొన్ని అమ్మినవాళ్ళ వల్లయితే కొన్ని అచ్చంగా నా తొందరపాటు వల్ల.

మాది రెండు కార్లు పట్టే తలుపు, 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. ఒంటి పొర రేకు, వెనకాల ఏమీ లేదు. కారు ఒక్కటే కాబట్టి మిగతా సగంలో నా వడ్రంగం బల్ల, ఒక డీప్ ఫ్రీజర్, మా ఆవిడ ఎక్సర్‌సైజ్ సైకిలు ఉంటాయి. పైన మా అబ్బాయి గది. చలికాలం వస్తే బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడితే వేళ్ళు కొంకర్లు పోయేవి, ఎండాకాలం సాయంత్రం తలుపుకి లోపలివైపు చెయ్యి పెడితే చురుక్కుమనేది, ఇక గాలి గట్టిగా వీచిన రాత్రి రేకు దడదడలాడి పైన పిల్లాడు లేచి కూర్చునేవాడు. ఈ మూడింటికీ ఒకే మందు దొరికిందనుకుని మొదలుపెట్టాను.

మొదట చేసిన తప్పు, మెరిసే బబుల్ రేకు చుట్ట కొనడం. అన్నిటికంటే చవక, కత్తెరతో కత్తిరించి రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించేయొచ్చు, గంటన్నరలో పని అయిపోయింది, చూడ్డానికి అంతరిక్ష నౌకలా ఉంది. ఉపయోగం మాత్రం చలికాలంలో దాదాపు సున్నా. ఎందుకో తర్వాత తెలిసింది. ఆ మెరుపు పని చెయ్యాలంటే దాని ముందు ఖాళీ గాలి ఉండాలి, అప్పుడే అది ఎదురుగా వచ్చే వేడిని వెనక్కి కొడుతుంది. తలుపుకి ఆనించి అతికిస్తే ఆ వైపు మెరుపు దండగ, లోపలి వేడి బబుల్‌లోకి, బబుల్ నుంచి రేకులోకి నేరుగా నడిచి బయటికి పోతుంది. డబ్బా మీద ఉన్న పెద్ద అంకె గాలి సందుతో కలిపి లెక్కేసిన అంకె, ఆ సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఎండ నేరుగా కొట్టే తలుపుకి, సందు వదిలి బిగించే ఓపిక ఉంటే, ఎండాకాలానికి పనికొస్తుంది. చలికి మాత్రం దాన్ని నమ్ముకోకండి.

సరే, కిట్ దగ్గరికి వద్దాం. తెల్లటి థర్మాకోల్ పలకలు, అంగుళం కంటే కాస్త ఎక్కువ మందం, ఒకవైపు తెల్లటి ప్లాస్టిక్ పొర. మన తలుపు ఎలాగూ నాలుగు అడ్డ ముక్కలుగా మడత పడుతూ పైకి వెళ్తుంది కదా, ఒక్కో ముక్క వెనకాల పెట్టెలా లోతు ఉంటుంది, పలకలని ఆ కొలతకి కోసి అందులో దోపాలి. వెనకాల పట్టి ఉంచడానికి జిగురు బిళ్ళల మీద నిలబెట్టే పిన్నులు ఇస్తారు. కొనేముందు చూసుకోవాల్సింది ఏమిటంటే, షాపులో కనబడే ధర ఒక డబ్బాది, ఒక డబ్బా ఒక కారు తలుపుకే. మాకు రెండు పట్టాయి. ఇది చూసుకోకుండా చవకగా ఉందని మురిసిపోయాను.

ఊరూరికీ రేట్లు వేరు కాబట్టి డబ్బుల్లో చెప్పడం కంటే రెండు డబ్బాల ధరని ఒక కొలతగా పెట్టుకుంటే తేలిక. కింద వేసే రబ్బరు పట్టీ, పక్కల పట్టీలు కలిపి దాంట్లో అయిదో వంతు. పలకల బరువు వల్ల తలుపు స్ప్రింగు సరిచెయ్యడానికి వచ్చిన మెకానిక్ తీసుకున్నది ఇంచుమించు సగం. అదే మెకానిక్ చెప్పిన, ఫ్యాక్టరీలోనే పాలియురేతేన్ ఫోమ్ నింపి వచ్చే కొత్త తలుపు, బిగింపుతో సహా, పదింతలు. ఇవి నాకైన లెక్కలు, మీకు అటూ ఇటూ అవుతాయి.

బిగించడానికి ఒకరోజు అన్నారు, మాకు రెండు రోజులు పట్టింది. మా బావ సాయం వచ్చాడు. డబ్బాలో ఇచ్చిన బ్లేడుతో మొదటి పలక కోస్తే అంచు చీకేసిన మామిడి టెంకలా పీచులు పీచులుగా వచ్చింది, తెల్ల పూసలు గ్యారేజీ నిండా ఎగిరి జుట్టుకీ చొక్కాకీ అంటుకుని దులిపితే రాలవు, ఊదితే ఇంకో చోట అంటుకుంటాయి. "బావా, నువ్వు తలుపు చేస్తున్నావా, మంచు కురిపిస్తున్నావా?" అని నవ్వి, కత్తిలో కొత్త బ్లేడు వేసి, ఇనప స్కేలు ఆనించి, పొర ఉన్న వైపు నుంచి ఒక్క గీత లోతుగా గీసి బల్ల అంచు మీద విరిచాడు. బిస్కెట్‌లా టక్‌మని విరిగింది. అప్పటి నుంచి ప్రతి నాలుగు కోతలకీ బ్లేడు మార్చాం. డబ్బా వాడు ఈ ముక్క ఒక్కటి రాసి ఉంటే మొదటి మూడు పలకలు మిగిలేవి.

ఇంకో తప్పు పిన్నులది, అది పూర్తిగా నాదే. జిగురు బిళ్ళ అంటించేముందు రేకుని శుభ్రంగా తుడవమని రాసి ఉంది, పైపైన గుడ్డతో తుడిచాను. తలుపు చక్రాలకీ కీళ్ళకీ ఏళ్ళ తరబడి కొట్టిన నూనె స్ప్రే సన్నటి పొరలా రేకంతా ఉంటుంది, కంటికి కనబడదు, వేలితో రాస్తే జారుతుంది. వారంలో తొమ్మిది పిన్నులు ఊడాయి. చల్లటి రోజున అంటించడం ఇంకో పొరపాటు, చల్లటి రేకు మీద జిగురు పట్టదు. ఊడినచోట స్పిరిట్‌తో తుడిచి, కాసేపు హీటర్ పెట్టి రేకు వెచ్చబడ్డాక మళ్ళీ అంటిస్తే చాలావరకు ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం, ఈ R అంకె. ఇన్సులేషన్ అమ్మే ప్రతివాడూ దీంతోనే మనల్ని కొడతాడు. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత, ఎక్కువైతే మంచిది, అక్కడిదాకా నిజమే. థర్మాకోల్ అంగుళానికి 4 దాకా ఇస్తుంది, గులాబీ రంగులోనో నీలంలోనో దొరికే గట్టి ఫోమ్ 5, రేకు పొర ఉన్న పాలీఐసో అనే ఫోమ్ 6 దరిదాపు, కాకపోతే బాగా చల్లటి రోజుల్లో అది కొంత పడిపోతుంది. ఉత్త రేకు తలుపుకి రేకు వల్ల వచ్చేది ఏమీ లేదు, రెండువైపులా అంటిపెట్టుకుని ఉండే గాలి పొర వల్ల మహా అయితే 1. కాబట్టి మా తలుపు 1 నుంచి 5కి వచ్చిందనుకోండి.

దీన్ని వాట్లలోకి మార్చి చూస్తే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. మా తలుపు వైశాల్యం 112 చదరపు అడుగులు. బయటికీ లోపలికీ 20 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంచాలంటే, R 1 అయినప్పుడు తలుపు గుండా పోయే వేడి సుమారు 1,200 వాట్లు. అంటే ఒక మోస్తరు హీటర్ మొత్తం ఈ తలుపుకే దక్షిణ పెట్టినట్టు. R 5 అయితే 240. R 9 అయితే 130. R 18 అయితే 65. చూశారా, మొదటి 4 అంకెలకే దాదాపు వెయ్యి వాట్లు మిగిలాయి, 9 నుంచి 18కి రెట్టింపు చేస్తే మిగిలేది పాత బల్బు ఒకటి వెలిగేంత. పదింతల ఖరీదు తలుపు అమ్మేవాడు "మా దానికి R 18 సార్, మీ థర్మాకోల్‌కి ఎంత, 4" అని అడిగితే తేడా నాలుగున్నర రెట్లు అనిపిస్తుంది, జేబులో తేడా అంత ఉండదు.

అయితే కిట్ వాడు చెప్పే 5 కూడా పూర్తిగా మన చేతికి రాదు. పలకల మధ్య నిలువుగా ఉండే ఇనప పట్టీలు, ముక్కల మధ్య కీళ్ళు, అంచులు, వీటి మీద థర్మాకోల్ ఉండదు. మొత్తం తలుపులో పదో వంతు అలా ఉత్తగా వదిలేసినా సరే, లెక్క కడితే R 5 కాస్తా మూడున్నర దగ్గర తేలుతుంది. వేడికి దారి కావాలి అంతే, చిన్న దారైనా చాలు. ఫ్యాక్టరీ తలుపుల మీద రాసే అంకె కూడా చాలాసార్లు ముక్క నడిమధ్యలో కొలిచిందే, తలుపు మొత్తానిది అడిగితే తక్కువ చెబుతారు. అడగండి.

మూడున్నరతోనే లెక్కేసినా, గ్యారేజీలో హీటర్ పెట్టుకుని రోజుకి పది గంటలు ఆ 20 డిగ్రీల తేడా నిలబెట్టేవాళ్ళకి ఎనిమిది, ఎనిమిదిన్నర యూనిట్ల కరెంటు మిగులుతుంది. దాన్ని మీ యూనిట్ రేటుతో గుణించుకుంటే కిట్ ఎన్ని రోజుల్లో గిట్టుతుందో మీకే తెలుస్తుంది, చాలామందికి ఒకటి రెండు చలికాలాలు దాటదు. హీటరే లేని గ్యారేజీ అయితే బిల్లులో తగ్గేది ఏమీ ఉండదు, ఇంటికి ఆనుకుని ఉంటే ఏదో కాస్త. నేను శని ఆదివారాలు రెండు మూడు గంటలు చిన్న హీటర్ వేసుకునే రకం. బిల్లు లెక్కలో నాకు ఈ కిట్ ఇంకా గిట్టలేదు, చాలా ఏళ్ళు పట్టేలా ఉంది. ఇది దాచకుండా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్ళు చెప్పరు.

మరి మూడున్నర మార్కులు ఎందుకిచ్చానంటే, బిల్లు సంగతి పక్కన పెడితే గది మారింది. గోడకి తగిలించిన థర్మామీటర్ ప్రకారం బయట 2 డిగ్రీలున్న తెల్లవారుజామున ఇదివరకు లోపల 5 ఉండేది, ఇప్పుడు 9. చెబితే చిన్నదిగా ఉంటుంది, బల్ల దగ్గర నిలబడితే తెలుస్తుంది. జిగురు గడ్డకట్టడం లేదు, పెయింటు డబ్బాలు లోపలికి మొయ్యక్కర్లేదు. ఎండాకాలం తలుపు లోపలివైపు చెయ్యి ఆనించి నిలబడొచ్చు. దడదడ చప్పుడు అయితే దాదాపు పోయింది, థర్మాకోల్ రేకుని వెనక నుంచి ఒత్తిపట్టి ఉంచుతుంది కాబట్టి. డబ్బా మీద చప్పుడు గురించి ఒక్క ముక్క లేదు, నాకు అదే అన్నిటికంటే పెద్ద లాభం.

ఇక రబ్బరు పట్టీ కథ. కిట్ బిగించి మూడోరోజు మా ఆవిడ సైకిలు తొక్కుతూ, "ఏమండీ, తలుపుకి స్వెటర్ తొడిగారు బాగానే ఉంది, కాళ్ళకి మాత్రం చల్లగాలి కొడుతోంది, కింద అంత సందు పెట్టుకుని ఏం లాభం?" అంది. లైటు ఆర్పి చూస్తే తలుపు కింద ఈ మూల నుంచి ఆ మూల దాకా వెలుతురు గీత, కుడి మూలలో వేలు దూరేంత. పక్కల కూడా అక్కడక్కడ. పాత రబ్బరు ఎండిపోయి చెక్కలా గట్టిపడిపోయింది. అది లాగేసి, తలుపు కింది అంచు గాడిలోకి కొత్తది సబ్బు నీళ్ళు రాసి జరిపాం, ఒకరు లాగుతుంటే ఒకరు తోస్తూ. ఆ రబ్బరు పై అంచున T ఆకారపు తలలు రెండు ఉంటాయి, గాడి కొలత తప్పితే పట్టదు, పాత ముక్క చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళండి. నేల ఎగుడు దిగుడుగా ఉంటే నేలకే అంటించే గడప పట్టీ వేరే దొరుకుతుంది. పైన చెప్పిన 5 నుంచి 9కి పెరిగిన దాంట్లో సగం ఈ పట్టీ పుణ్యమే, ఎందుకంటే ఒక్క కిట్‌తో 7 దాటలేదు. అయిదో వంతు డబ్బుకి సగం ఫలితం. మళ్ళీ చెయ్యాల్సి వస్తే ముందు ఇది వేసి, ఒక నెల చూసి, అప్పుడు కిట్ సంగతి ఆలోచిస్తా.

బరువు గురించి డబ్బాలో ఒక్క వాక్యం ఉంది, అది ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండాలి. మా పలకలన్నీ కలిపి ఏడు కేజీల లోపే, అయినా మోటారు మూలగడం మొదలుపెట్టింది. గ్యారేజీ తలుపుని పైకి ఎత్తేది మోటారు అనుకుంటాం కానీ, బరువంతా మోసేది పైన అడ్డంగా చుట్టుకుని ఉండే స్ప్రింగు, మోటారు ఊరికే తోవ చూపిస్తుంది. స్ప్రింగుని తలుపు బరువుకి సరిగ్గా సరిపోయేలా తిప్పి ఉంచుతారు, బరువు పెరిగితే ఆ లెక్క చెడుతుంది. చూసుకోవడం తేలికే: తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు ఎర్ర తాడు లాగి మోటారు విడదీసి, చేత్తో సగం దాకా ఎత్తి మెల్లిగా వదలాలి. నిలబడితే సరే. మాది నిదానంగా కిందకి జారిపోయింది. ఆ స్ప్రింగు మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు, అందులో బిగించి ఉన్న బలానికి చేతులు విరిగిన వాళ్ళున్నారు. నేను మెకానిక్‌ని పిలిచాను. ఆయన వచ్చి రెండు ఇనప కడ్డీలతో కొద్దిగా తిప్పి, మళ్ళీ ఎత్తి చూసి, ఇంకాస్త తిప్పి, పావుగంటలో సరిచేశాడు. పోతూ పోతూ తలుపు కింద అంగుళంన్నర మందం చెక్క ఒకటి పడుకోబెట్టి బటన్ నొక్కాడు, తలుపు చెక్కని తాకి వెనక్కి వెళ్ళింది. బరువు మారాక ఈ పరీక్ష తప్పనిసరిగా చెయ్యాలన్నాడు, పిల్లలున్న ఇంట్లో మరీ. గ్లాస్ ఊలు కిట్లు ఇంకా బరువు, అవి తీసుకునేవాళ్ళు మెకానిక్ ఖర్చు కలిపే లెక్క వేసుకోండి.

నిప్పు సంగతి. కిట్ కంటే చవకగా ఉత్త ఫోమ్ షీట్లు కొని కోసి దోపేద్దామని మొదట అనుకున్నాను. ఫోమ్ అంటుకుంటే భగ్గున మండుతుంది, గ్యారేజీలో పెట్రోలు ఉంటుంది, నా గ్రైండర్ రవ్వలు ఉంటాయి. పైన పొర లేని ఫోమ్‌ని అలా బయటికి వదలకూడదనే చాలాచోట్ల బిల్డింగ్ రూల్సు ఉంటాయి. కొనేటప్పుడు మంట పాకే రేటింగు చూడండి, ఏఎస్‌టీఎం ఈ84 అనే అమెరికా పరీక్షలో క్లాస్ ఏ అంటే 25 లేదా అంతకంటే తక్కువ. రేటింగు ఏమీ రాయని సరుకు ఎంత చవకైనా వద్దు.

నాకు తగిలిన ఇంకో దెబ్బ తేమ. వానలో తడిసిన కారు లోపల పెట్టి తలుపు వేసేస్తే ఆ తడంతా గాలిలోకి లేచి, పలకల అంచుల సందుల్లోంచి దూరి, వెనకాల చల్లటి రేకు మీద చెమటలా పడుతుంది. మొదటి చలికాలం అయ్యాక అడుగు వరస పలక ఒకటి ఊడదీస్తే వెనకాల నీటి చారలు, స్క్రూల చుట్టూ నారింజ రంగు తుప్పు. గీకి, తుప్పు ప్రైమర్ కొట్టి, ఆరాక పలక అంచులన్నిటికీ టేపు వేశాను. రెండో ఏడాది చూస్తే పొడిగానే ఉంది. ఈ టేపు కిట్‌లో రాదు, ఇచ్చి ఉంటే బాగుండేది.

పిల్లాడి గది? ఏమీ మారలేదు, అదీ ఒప్పుకోవాలి. నేల చల్లదనం వచ్చేది గ్యారేజీ పైకప్పు నుంచి, తలుపు నుంచి కాదు. అక్కడ, ఇంటికీ గ్యారేజీకీ మధ్య గోడలోనూ ఇన్సులేషన్ ఉందో లేదో ముందు చూసుకోవాలి. మీ బాధ పైగది చలే అయితే తలుపు కిట్ కొనకండి, ఆ డబ్బు పైకప్పుకి పెట్టండి. మేం ఈ ఏడు అది చేయిస్తున్నాం, కిట్ ఖర్చుకి రెట్టింపు పైనే అవుతోంది.

ఇంకొకటి, సందులన్నీ మూసేశాక గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి ఉంచకూడదు, ఒక్క నిమిషం కూడా. మూయకముందు కూడా చెయ్యకూడదు, కానీ ఇప్పుడు పొగ పోయే దారి ఇంకా తక్కువ. గ్యాస్ గీజరో బాయిలరో అక్కడే ఉంటే దానికి మండడానికి గాలి కావాలి, పట్టీలు వేసేముందు ఆ పని తెలిసినవాళ్ళని అడగండి. ఇంట్లోకి వెళ్ళే తలుపు పక్కన కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టాం.

ఎవరు కొనొచ్చంటే, తలుపు రేకు బాగుండి, గ్యారేజీలో కూర్చుని పని చేసుకునేవాళ్ళు. తలుపు ఎలాగూ తుప్పుపట్టి మార్చే దశలో ఉంటే దీనికి డబ్బు తగలెయ్యకుండా ఫోమ్ నింపిన కొత్తది తీసుకోండి, R 9 ఉన్నా చాలు, 18కి ఎగబడక్కర్లేదు. తలుపుకి వారంటీ మిగిలి ఉంటే కాగితం తీసి చూడండి, వెనకాల ఏదైనా అతికిస్తే చెల్లదని రాసి ఉండొచ్చు. కారు పెట్టి తాళం వేసి వెళ్ళిపోవడానికే గ్యారేజీ అయితే రబ్బరు పట్టీ మార్చి ఊరుకోండి.

మొన్న కుడి మూల పిన్ను ఇంకొకటి ఊడింది. మొదటి రోజు నేను సరిగ్గా తుడవని వరసలోదే.